ఆరెంజి మూత

ఆదోనిలో దూది ఎగరని గది చూపించమంటే ఊరంతా గాలించినా ఒక్కటే దొరికేది, అదీ దూదేకుల ఇమాం సాబ్ ఇంట్లో. నవ్వొచ్చే మాటే. తాతల కాలం నుంచి దూది ఏకి, పరుపులూ బొంతలూ కుట్టి బతికిన ఇల్లది. అన్నంలో దూది, జుట్టులో దూది, పెళ్ళికొచ్చిన చుట్టాల అత్తరు బట్టల మీద దూది. అలాంటిది, భార్య లాలాబీకి రెండు కిడ్నీలూ పోయాయని తేలిన నెలలోనే ఇమాం సాబ్ ఏకే మిషనును మార్కెట్ యార్డు వెనక రేకుల షెడ్డులోకి మార్చేశాడు. మూలగదికి నున్నటి పెయింటు వేయించాడు. కిటికీకి ప్లాస్టిక్ పట్టా బిగించాడు. కాళ్ళు కడుక్కోకుండా వస్తే కన్నకూతుర్ని కూడా ఆ గడప దాటనిచ్చేవాడు కాదు.

ఆ గదిలో జరిగే పని అలాంటిది. లాలాబీ బొడ్డు పక్క నుంచి ఒక సన్నటి గొట్టం వేలాడుతుండేది. సంచిలోని మందునీళ్ళు ఆ గొట్టం గుండా కడుపులోకి దింపాలి. లోపల పేగులను కప్పుకొని ఒక పలుచటి పొర ఉంటుంది. పోయిన కిడ్నీల పని ఆ పొర చేత చేయించడమే ఈ వైద్యం. రక్తంలోని చెడూ, ఒంట్లో మిగిలిన నీరూ ఆ పొరలోంచి వడకట్టుకొని మందునీళ్ళలోకి దిగుతాయి. కొన్ని గంటలయ్యాక పాత నీళ్ళు వదిలేసి కొత్త సంచి తగిలించాలి. రోజుకు నాలుగు మార్లు, పండగైనా చావైనా తప్పదు. ఆసుపత్రిలో మిషను చుట్టూ తిరిగే బాధ లేదు గానీ, మార్చేటప్పుడు చేతి మురికి కాస్త లోపలికి పోయిందంటే ప్రాణం మీదికొస్తుంది.

ఈ పని నేర్పింది కర్నూలు నర్సు సంతోషమ్మ. నేర్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, ఇమాం సాబ్ అంత గట్టిగా పట్టుకున్నవాళ్ళు మాత్రం లేరు. షెడ్డు నుంచి వచ్చి తల స్నానం చేసి, మూతికి గుడ్డ కట్టుకొని, మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కొనేవాడు.

"నమాజుకు గూడా ఇంత శ్రద్ధగా వజూ చేసుకోవు గదయ్యా నువ్వు," అని లాలాబీ ఏడిపించేది.

"అల్లా మాఫ్ చేస్తాడు. నీ కడుపు చేయదు," అనేవాడు.

ఏళ్ళు గడిచాయి, లాలాబీకి ఒక్కసారి కూడా చీము పట్టలేదు. కర్నూలులో కిడ్నీ డాక్టరు సుధన్వ మంత్రాలయం వైపు మనిషి, మాట పొదుపు. అలాంటి మనిషే కొత్తగా ఈ వైద్యం మొదలుపెట్టే వాళ్ళను పిలిచి, "ఆదోని ఇమాం సాబ్‌ను చూసి నేర్చుకోండి," అని చెప్పేవాడు. ఆ మాట విన్న రోజు ఇమాం సాబ్ బస్సులో ఆదోని దాకా మీసం సవరించుకుంటూనే వచ్చాడు. పరుపులు కుట్టేవాణ్ణి చూసి నేర్చుకోమన్న డాక్టరు అంతకు ముందు ఎవరు పుట్టారు?

అంతా బాగుంది, దాహం ఒక్కటి తప్ప. లాలాబీకి మూత్రం పూర్తిగా ఆగిపోయింది. తాగిన నీళ్ళు బయటికి పోయే దారి ఆ సంచి ఒక్కటే. అందుకని డాక్టరు నీళ్ళకు కొలత పెట్టాడు, పొద్దంతా కలిపి ఒక చిన్న చెంబు. ఆదోని ఎండల్లో చిన్న చెంబు ఏ మూలకు? నోట్లో పోసుకొని పుక్కిలించి ఊసేసేది. తడిగుడ్డ పెదాలకు అద్దుకొనేది. ఎవరైనా గటగటా నీళ్ళు తాగుతుంటే వాళ్ళ గొంతు వంకే చూసేది.

ఒక ఏడు రంజాను నెల నడి వేసవిలో వచ్చింది. లాలాబీకి ఉపవాసం లేదు, అయినా సాయంత్రానికి గంజి కాచి, షర్బత్ కలిపి, ఖర్జూరాలు పేర్చేది ఆమే. మసీదులో అజా వినపడగానే ఇంటిల్లిపాదీ గ్లాసులెత్తేవాళ్ళు. ఆమె మాత్రం లేచి, ఏదో పనున్నట్టు వంటింట్లోకి పోయి గిన్నెలు కదిలించేది. రెండు రోజులు చూశాడు ఇమాం సాబ్. మూడో రోజు అతనికి నీళ్ళు గొంతు దిగలేదు.

మందు సంచుల్లో రెండు రకాలుండేవి. పసుపు మూతది మామూలుది. ఆరెంజి మూతది గట్టిది, అందులో చక్కెర ఎక్కువ, ఒంట్లో నీళ్ళను బలంగా లాగేస్తుంది. కాళ్ళు వాచిన రోజు మాత్రమే అది పెట్టాలని, ఊరికే వాడకూడదని సంతోషమ్మ చెప్పింది. ఎందుకు వాడకూడదో కూడా చెప్పే ఉంటుంది. ఇమాం సాబ్ చెవికి ఎక్కింది ఒక్కటే, అది నీళ్ళు లాగుతుందని. లాగేది ఉన్నప్పుడు తాగితే నష్టమేముంది? ఎక్కువ నీళ్ళు పోస్తే ఎక్కువ తోడుకోవాలి, అంతే కదా. ఆ సాయంత్రం భార్యకు వీపు తిప్పి ఆరెంజి మూత తీసి పారేసి, ఆ సంచి తగిలించాడు. తర్వాత పెద్ద గ్లాసు నిండా షర్బత్ పోసి ఆమె చేతికిచ్చాడు.

"తాగు లాలా. ఈ పొద్దు ఏం కాదు."

"డాక్టరు తిడతాడు."

"డాక్టరు ఈడ ఉండాడా?"

ఆమె గ్లాసు వంక చూసింది, అతని వంక చూసింది. "ఏం మందు పెట్టినావు?"

"రోజూ పెట్టేదే. నీ ఒళ్ళు బాగుండాది, అంతే."

లాలాబీ ఇంకేమీ అడగలేదు. కళ్ళు మూసుకొని, గ్లాసు దించకుండా తాగింది. తాగి, కొంగుతో మూతి తుడుచుకొని, చిన్నపిల్లలా నవ్వింది. పెళ్ళయిన కొత్తలో కూడా ఆమె అంత సంతోషంగా నవ్వినట్టు అతనికి గుర్తు లేదు. ఆ నవ్వు చూసిన మొగుడు ఏం చేస్తాడు? మర్నాడూ అదే సంచి పెట్టాడు.

రంజాను పోయింది, ఎండలు పోలేదు. తర్వాత కూతురు ఫిర్దోస్ ఇంట్లో పురుడు, తర్వాత మొహర్రం. నీళ్ళు తాగాలనిపించడానికి సాకులు కావాలా? కంపెనీ ఏజెంటుకు ఫోను చేసి, "కాళ్ళు వాస్తాండాయప్పా, గట్టివి ఎక్కువ పంపు," అనేవాడు. ఏజెంటు పంపేవాడు. కర్నూలు పోతే డాక్టరు కాళ్ళు నొక్కి చూసి, వాపు లేదని మెచ్చుకొనేవాడు. ఇలా మూడు రంజాన్లు గడిచాయి.

మూడో రంజాను దాటాక లాలాబీకి అన్నం సయించకుండా పోయింది. రెండు ముద్దలకే కడుపు నిండిపోయేది, మూడో ముద్దకు వాంతి. కడుపు చేత్తో తడిమితే నడిమధ్యన గట్టిగా మూటలా తగిలేది. పాత నీళ్ళు వదిలితే మునుపటిలా బయటికి దిగడం లేదు. దిగినవి ఒక్కోసారి ఎర్రగా ఉండేవి. ఆదోని డాక్టరు గ్యాసు అన్నాడు. మనిషి ఎముకల గూడయ్యాక ఇమాం సాబ్ ఆమెను కర్నూలుకు తీసుకుపోయాడు.

సుధన్వ కడుపు నొక్కి చూశాడు, మంచం మీది లాలాబీని పైనుంచి కిందికి చూశాడు. తర్వాత ఇమాం సాబ్ వైపు తిరిగాడు.

"ఏ సంచి పెడుతున్నావు, ఇమాం సాబ్? గట్టివి ఏమైనా ఎక్కువ వాడావా?"

ఇమాం సాబ్ నోరు తెరిచాడు. చెప్పేవాడే. కానీ మాట బయటికి రాకముందే లాలాబీ మంచం మీద నుంచి గొంతు పెంచింది.

"పసుపు మూతదే సామీ. మీరు సెప్పినదే పెడతాడు. మీరు సెప్పనిది సచ్చినా పెట్టడు నా మొగుడు."

డాక్టరు తలూపాడు. ఇమాం సాబ్ నోరు మూసుకున్నాడు. అంత నమ్మకంగా మాట్లాడిన మనిషి ముందు, ఆమె మొగుడు అబద్ధాలకోరని ఆమె చెవినే వేయడం ఎలా? రేపు ఒక్కణ్ణే వచ్చి చెబుదాం అనుకున్నాడు. రేపు రాలేదు. వాంతులూ జ్వరం చూసి, నీళ్ళ పరీక్ష చూసి, కడుపులో టీబీ అయ్యుంటుందని మందులు మొదలుపెట్టారు. మన వైపు కడుపులో గట్టిపడితే ముందు అనుమానించేది టీబీనే, అందులో డాక్టరు తప్పు లేదు. ఆ మాత్రలకు నీళ్ళు ఎర్రబడతాయని చెప్పారు. దాంతో లోపలి నుంచి వచ్చే నెత్తురు కూడా మాత్రల రంగేనని సరిపెట్టుకున్నారు. టీబీ మందు పెట్టారు కాబట్టి జబ్బు వేరేదని, తన తప్పు కాదని ఇమాం సాబ్ కొన్నాళ్ళు కడుపునిండా నమ్మాడు. నమ్మినన్నాళ్ళూ పసుపు మూత సంచులే పెట్టాడు. దేవుడి దగ్గర ఆ మాత్రం బేరం చేసుకున్నాడు.

బేరం కుదరలేదు. ఎండాకాలం పోయి వానలు పడ్డా లాలాబీ గంజి కూడా నిలుపుకోలేకపోయింది. హొళగుంద నుంచి ఫిర్దోస్ వచ్చి తల్లిని చూసి గడపలోనే కూలబడి ఏడ్చింది. అప్పుడు మళ్ళీ కర్నూలు పోయారు. తల్లీకూతుళ్ళను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఇమాం సాబ్ ఒక్కడే డాక్టరు గదిలోకి పోయి తలుపు వేశాడు.

"సామీ, నేను పెట్టినాను. ఆరెంజి మూతవి."

సుధన్వ పెన్ను కింద పెట్టాడు. "ఎన్నాళ్ళు?"

"మూడు రంజాన్లు. దానికి దాహమైతాదని. నీళ్ళు తాగనీ అని."

డాక్టరు తిట్టి ఉంటే బాగుండేది. అతను తిట్టలేదు. "ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేది, ఇమాం సాబ్," అన్నాడు. అంతే. వెంటనే స్కానింగ్ తీయించాడు.

ఫిల్ము వెలుతురుకు పట్టి డాక్టరు వివరించాడు. పేగుల మీది ఆ పలుచటి పొర వాచి, మందమై, తోలులా గట్టిపడింది. గట్టిపడి ముడుచుకుపోతూ పేగులన్నిటినీ మధ్యకు లాగి మూట కట్టేసింది. అందుకే తిన్నది ముందుకు కదలడం లేదు. ఏళ్ళ తరబడి ఈ వైద్యం చేసుకున్నవాళ్ళలో ఏ కొద్దిమందికో వచ్చే జబ్బు. పసుపు మూతవి మాత్రమే వాడినవాళ్ళకూ ఒక్కోసారి వస్తుంది. చక్కెర ఎక్కువున్నవి వాడితే పొర మరీ దెబ్బతింటుంది. డాక్టరు ఈ రెండు మాటలూ చెప్పాడు, ఇమాం సాబ్‌కు రెండోది మాత్రమే వినపడింది.

"పాత పరుపులో దూది గడ్డ కట్టినట్టన్నమాట," అన్నాడు. "విప్పి మళ్ళీ ఏకలేమా సామీ?"

"ఆపరేషను చేసి పొరను కొంచెం కొంచెంగా ఒలుస్తారు. చేసేవాళ్ళు తక్కువ, చేయించుకునే బలం ఇప్పుడు ఈమెకు లేదు. ముందు సంచులు ఆపేద్దాం. మాత్రలు ఇస్తాను. నరానికి ఆహారం ఎక్కించి కాస్త బలం వచ్చాక చూద్దాం."

లేవబోతూ ఇమాం సాబ్ చేతులు జోడించాడు. "దానికి మాత్రం సెప్పొద్దు సామీ. నేనే సెప్పుకుంటా, దాని పానం గట్టిపడినాక." డాక్టరు సరేనన్నాడు.

లాలాబీ కడుపులోంచి గొట్టం తీసేశారు. ఇక డయాలసిస్ మిషను మీదే. ఆదోనిలో మిషను ఖాళీ లేదు, యెమ్మిగనూరులో దొరికింది. వారానికి మూడు రోజులు పొద్దున్నే బస్సెక్కి పోవడం, మధ్యాహ్నం దాటాక తిరిగి రావడం. రాసిచ్చిన మాత్రలకు ఆదోనిలో మందుల షాపుకు పోతే కౌంటరు దగ్గర అబ్బాయి చీటీ చూసి, "ఇది రొమ్ము క్యాన్సర్ మాత్ర గదా, ఎవరికి?" అని అందరిలో అడిగాడు. పక్కనున్న లాలాబీ మొహం తెల్లబోయింది. ఫోను చేస్తే డాక్టరు చెప్పాడు, పొర గట్టిపడడాన్ని ఆపే గుణం ఆ మాత్రకు ఉందని, క్యాన్సర్ కాదని. వాపు తగ్గించే స్టెరాయిడ్లు వేరే. ఇమాం సాబ్ ప్రతి మాత్రా తన అరచేతిలో పెట్టుకొని ఆమెకు ఇచ్చేవాడు. ఇచ్చిన ప్రతిసారీ చెప్పేయాలనుకొనేవాడు. ఆమె బతికి లేచాక చెబితే తిట్టుకుంటుంది, తిట్టినా పర్లేదు. బతక్కుండా పోతే, చెప్పకుండానే ఆమెను మట్టికి అప్పగించాల్సి వస్తుంది. ఈ ఆలోచనతో అతనికి తిండి పోయింది.

పత్తి విచ్చుకునే కాలానికి మందు పట్టింది. వాంతులు తగ్గాయి, గంజి నిలిచింది. ఒక రోజు డయాలసిస్ అయ్యాక యెమ్మిగనూరు బస్టాండు దగ్గర బండి మీద బొరుగుల ఉగ్గాని ఘుమఘుమలాడుతుంటే లాలాబీ ఆగింది.

"రెండు పిడికిళ్ళు తింటానయ్యా. మిరపకాయ బజ్జీ నువ్వు తిను."

తింది. ఆకు మడిచి పారేసి, కాసేపు నిలబడి చూసుకుంది. వాంతి రాలేదు. ఇమాం సాబ్ అటు తిరిగి పైగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఆపరేషను దాకా పోవచ్చు, పోతే మనిషి దక్కుతుంది. ఈ వారమే చెప్పేయాలి అనుకున్నాడు.

ఆదోని బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పక్కనే కూర్చున్నాడు. బయట చేలన్నీ తెల్లగా ఉన్నాయి, పత్తి ఏరే ఆడవాళ్ళు వంగి కనిపిస్తున్నారు. కడుపులో నాలుగు మెతుకులు పడ్డ హుషారులో లాలాబీ కబుర్లు మొదలుపెట్టింది. ఫిర్దోస్ పిల్లకు బొంత కుడతానంది. ఎర్రగుడ్డ మీద పచ్చదారం వేస్తానంది. తర్వాత మోచేత్తో అతని డొక్కలో పొడిచింది.

"నీకొకటి సెప్పనా? కోపం సేసుకోకూడదు."

"సెప్పు."

"నువ్వు ఆరెంజి మూత సంచులు పెడ్తాంటివే, నాకు తెలుసు."

ఇమాం సాబ్‌కు బస్సు చప్పుడు వినపడలేదు.

"మొదటి దినం నుంచే తెలుసు. ముప్పై ఏండ్లు దారం రంగులు ఏరినదాన్ని, నాకు మూత రంగు తెలీదా? వీపు తిప్పి దాస్తావా నా దగ్గర?" ఆమె నవ్వుతూనే ఉంది. "నీళ్ళు తాగాలని నాకుంది, తాగించాలని నీకుంది. నేనెందుకు అడుగుతా?"

"మరి ఆ పొద్దు డాక్టరుకు పసుపు మూత అంటివే," అన్నాడు.

"ఏమనాల? నిన్ను చూసి నేర్చుకోమని ఊరందరికీ సెప్పినాడు ఆ సామి. ఆయన ముందర నీ తల దించాలనా? నువ్వు నోరు తెరిస్తే నిజం సెప్పేస్తావని తెలిసే ముందే అరిచినా."

తను నోరు మూసుకుంది ఆమె నమ్మకాన్ని చూసి. ఆమె నోరు తెరిచింది తన పరువును చూసి. మధ్యలో టీబీ మాత్రలు, ఎండాకాలం మొత్తం, ఆ కడుపులో పొర బిగుసుకుపోతూ వచ్చిన నెలలు. ఆ రోజు ఇద్దరిలో ఏ ఒక్కరు నిజం చెప్పినా ఆ నెలలు మిగిలేవి. లెక్క తేలగానే ఇమాం సాబ్‌కు వచ్చింది దుఃఖం కాదు, కోపం. ఇన్నాళ్ళూ తన మీద తను పడ్డ కోపమంతా దారి దొరికినట్టు ఆమె మీదికి మళ్ళింది.

"తెలిసి తెలిసి అబద్ధం సెప్తివా? నీ పానం కంటే నా పరువు ఎక్కువనా? నేనీడ దినామూ సస్తాండాను, నేనే సంపినానని. నువ్వు నగుతాండావు."

లాలాబీ మొహంలో నవ్వు ఆగిపోయింది. "నువ్వు మాత్రం సెప్పినావా?" అంది మెల్లగా.

ఇమాం సాబ్ లేచి, జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయి, డ్రైవరు వెనక కమ్మీ పట్టుకొని నిలబడ్డాడు. అతని సీట్లో పత్తి చేను దగ్గర ఎక్కిన ఒకావిడ కూర్చుంది. బస్సు పోతూ ఉంది. కోపం సగం దూరం కూడా రాకముందే చల్లారింది, కానీ వెనక్కి పోవడానికి మొహం చెల్లలేదు. ఇంటికి పోయాక మాట్లాడదాం అనుకున్నాడు. ఇద్దరం దొంగలమే, ఇంక దాచడానికి ఏమీ లేదు, గుండె మీది బరువు దిగిపోయింది కదా అని కూడా అనుకున్నాడు. ఇంటికి పోగానే ఏం చెప్పాలో మనసులో పేర్చుకుంటున్నాడు.

అప్పుడు వెనక నుంచి పిలుపు వినపడింది.

"ఏమయ్యా."

ఆమె గొంతే. పెద్దగా లేదు, మామూలుగా ఉంది. ఇమాం సాబ్ విన్నాడు. తిరగబోయి, ఆగాడు. ఒక్క పిలుపుకే పోతే అలిగినందుకు విలువేముంది? ఇంకోసారి పిలవనీ, పోదాం అనుకున్నాడు. కమ్మీ పట్టుకొని చెవులు వెనక్కి పెట్టి, చిన్నగా నవ్వుకుంటూ కూడా, ఆ రెండో పిలుపు కోసం ఎదురు చూశాడు.

బస్సు ఆదోనిలో ఆగింది. జనం దిగారు. పక్కన కూర్చున్న ఆవిడ పత్తి మూట ఎత్తుకుంటూ, "అన్నా, మీ ఆమె నిద్రపోతాంది, లేపుకో," అని చెప్పి దిగిపోయింది.

డయాలసిస్ అయిన రోజు, ఒంట్లో బలం లేని మనిషికి రక్తపోటు పడిపోయి గుండె అలా ఆగిపోతుందని సుధన్వ తర్వాత ఫోనులో చెప్పాడు. పక్కన ఎవరున్నా చేయగలిగింది ఏమీ ఉండదని కూడా చెప్పాడు. ఇమాం సాబ్ విన్నాడు.

పరామర్శకు వచ్చినవాళ్ళందరూ ఒకటే అడుగుతారు, చివరికి ఏమైనా చెప్పిందా అని. బొంత కుడతానందని చెబుతాడు. ఉగ్గాని తిందని చెబుతాడు. ఫిర్దోస్‌కు మాత్రం ఇంకొక మాట చెప్పాడు, నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయి అందరూ వెళ్ళిపోయాక.

"మీ అమ్మ నన్ను పిలిసింది. నేను ఇంకోసారి పిలుస్తాదిలే అనుకున్నా."